ఆకు... కాడ... పంగ... అంతే!

తెలుగు రాయాలంటే 56 అక్షరాలు దిద్దాలి. ఇంగ్లిషుకైతే 26 చాలు. కంప్యూటరు చిప్పుకి రెండే... సున్నా, ఒకటి. మరి ఒకే ఒక్క గుర్తుతో లెక్కలన్నీ చేసేసే భాష ఉందంటే నమ్ముతారా? అందులో లెక్కా చెట్టే, లెక్క చేసే ప్రోగ్రామూ చెట్టే! దాని పునాది పేరు ‘ట్రీ కాల్‌క్యులస్’. మన మాటల్లో ‘చెట్ల లెక్క’. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. కానీ దాని వెనక పెద్దలంతా ఆలోచించాల్సిన ప్రశ్న ఒకటుంది... మన తరఫున నిర్ణయాలు తీసుకుంటున్న ప్రోగ్రాముల లోపల ఏముందో చూసేదెవరు?

అంకె చెబుతుంది... నమ్మేదెలా?

హైదరాబాద్ నుంచి నర్సాపూర్ వెళ్లే దారిలో ఉంటుంది గుమ్మడిదల. బొంతపల్లి వీరభద్రస్వామి దర్శనానికి వెళ్లే భక్తులకు బాగా తెలిసిన ఊరే. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు జిన్నారం నుంచి విడివడి సంగారెడ్డి జిల్లాలో మండల కేంద్రమైంది. ఈ చుట్టుపక్కల బొంతపల్లి, గడ్డపోతారం, ఖాజీపల్లి, బొల్లారం... అటు పాశమైలారం, పటాన్‌చెరు... ఎటు చూసినా పరిశ్రమలే. వాటిలో మందులు తయారుచేసేవి ఎక్కువ.

మందుల పరిశ్రమల్లో రియాక్టరు ఎంత వేడెక్కాలి, ఏ వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలి, మూత సరిగా పడకపోతే మోటారు ఆగాలా వద్దా... ఇలాంటివి చాలావరకు ‘పీఎల్‌సీ’ అనే చిన్న కంప్యూటరు చూసుకుంటుంది. దానికి ఎవరో ప్రోగ్రాం రాసిపెడతారు. ఆపరేటరు కళ్లముందు కనిపించేది తెర మీది అంకె మాత్రమే.

ఆ అంకెకు ఫ్యాక్టరీ గోడ బయట కూడా విలువుంది. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. చెరువుల నీళ్లు, పొలాల పంటలు, పశువుల ఆరోగ్యం... ఇక్కడి పల్లెల గొడవంతా వాటి గురించే. 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఓ ఆదేశం ఇచ్చింది. ఎక్కువ కాలుష్యం వదిలే 17 రకాల పరిశ్రమలు వ్యర్థజలాలనూ పొగనూ ఎప్పటికప్పుడు కొలిచే యంత్రాలు పెట్టుకోవాలనీ, ఆ అంకెలు నేరుగా మండలికి చేరాలనీ దాని సారాంశం. అందులో మందుల పరిశ్రమా ఉంది. అంటే చెరువులోకి వెళ్లే నీళ్లు మంచివో కావో మొట్టమొదట చెప్పేది ఓ ప్రోగ్రామే!

ఇక్కడ తయారైన మందు అమెరికా వెళ్లాలంటే అక్కడి ఎఫ్‌డీఏ ఒప్పుకోవాలి. కంప్యూటర్లలో దాచే రికార్డుల మీద ఆ సంస్థ ‘పార్ట్ 11’ పేరుతో 1997లోనే నిబంధనలు తెచ్చింది. ఈ పరిశ్రమల్లో ‘వ్యాలిడేషన్’ అనే పని ఉంటుంది. కంప్యూటరు వ్యవస్థ చేయాల్సిన పనే చేస్తోందని పరీక్షించి, కాగితం మీద రుజువు చూపడం దాని బాధ్యత.

పరీక్షిస్తే చాలదా?

పరీక్ష అంటే ఏమిటి? ప్రోగ్రాంకి ఓ విలువ ఇవ్వడం, సరైన జవాబు వచ్చిందో లేదో చూడటం. మామిడిపండు కొనేటప్పుడు నొక్కి చూసినట్టే. కొయ్యకుండా లోపల పురుగుందో లేదో తెలియదు.

అన్ని విలువలూ ఇచ్చి చూస్తే సరిపోదా అనిపించొచ్చు. రెండు అంకెల్ని కూడే ఓ చిన్న ప్రోగ్రాం తీసుకోండి. ఒక్కో అంకెకు కంప్యూటరులో మామూలుగా ఇచ్చే 32 బిట్ల చోటు ఇద్దాం. ఇవ్వగలిగిన జతలన్నీ పరీక్షించాలంటే... సెకనుకు వంద కోట్ల చొప్పున చూసుకుంటూ పోయినా 580 ఏళ్లకు పైనే పడుతుంది. ఒక్క కూడిక సంగతే ఇది! పరీక్షలు తప్పు ఉందని చూపించగలవు గానీ తప్పు లేదని తేల్చలేవని నెదర్లాండ్స్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ఏనాడో హెచ్చరించాడు.

ఆ హెచ్చరిక ఎంత నిజమో చెప్పే సంఘటనలు చాలానే ఉన్నాయి. 1985-87 మధ్య అమెరికా, కెనడాల్లో థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం ఆరుగురు రోగులకు ఇవ్వాల్సిన దానికన్నా ఎన్నో రెట్లు మోతాదు ఇచ్చేసింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు. దర్యాప్తులో దాని ప్రోగ్రాంలోని లోపాలు బయటపడ్డాయి. 1996 జూన్ 4న ఐరోపా వాళ్ల ఏరియాన్-5 రాకెట్టు తొలిసారి ఎగిరిన నిమిషంలోపే పేలిపోయింది. కారణం... పెద్ద అంకెను చిన్న పెట్టెలో కుక్కబోయింది ప్రోగ్రాం. ఏరియాన్-4 రాకెట్టులో చక్కగా పనిచేసిన ప్రోగ్రామే అది!

అందుకే కొందరు శాస్త్రవేత్తలు వేరే దారి పట్టారు. ప్రోగ్రాం రాసే భాషనే వీలైనంత చిన్నది చేస్తే? దాని నియమాలన్నీ ఒక్క కాగితం మీద పట్టేస్తే? అప్పుడు ప్రోగ్రాంని బయటి నుంచి నొక్కి చూడక్కర్లేదు. కోసి లోపలే చూడొచ్చు.

ఎన్ని మాటలు కావాలి?

ఈ కథ వందేళ్ల క్రితం జర్మనీలోని గొట్టింగెన్‌లో మొదలైంది. 1920 డిసెంబరులో మోజెస్ షోన్‌ఫింకెల్ అనే యువకుడు అక్కడి గణిత పండితుల ముందు ఓ ప్రసంగం చేశాడు. తర్కశాస్త్రమంతా చెప్పడానికి కనీసం ఎన్ని మాటలు కావాలన్నది ఆయన ప్రశ్న. ఆయన తేల్చిన జవాబు... రెండు చాలు! ఒకటి ‘పారెయ్’. దానికి రెండు వస్తువులిస్తే మొదటిది ఉంచుకుని రెండోది పారేస్తుంది. రెండోది ‘పంచు’. చేతికొచ్చిన వస్తువుకు నకలు తీసి ఇద్దరికి ఇస్తుంది, వాళ్లిచ్చిన ఫలితాల్ని కలుపుతుంది. ఈ రెంటినీ మళ్లీ మళ్లీ కలుపుకుంటూ పోతే చాలన్నాడు. అప్పటికింకా కంప్యూటరన్నదే లేదు.

ఆ ప్రసంగం 1924లో అచ్చయింది. షోన్‌ఫింకెల్ జీవితం మాత్రం విషాదాంతం. సోవియట్ రష్యాకు వెళ్లిపోయి, మాస్కోలో పేదరికంలో కన్నుమూశాడు. ఆయన రాసుకున్న కాగితాల్ని ఇరుగుపొరుగు చలిమంటకు వాడేశారని చెబుతారు. ఆ ఆలోచనను అమెరికాలో హాస్కెల్ కర్రీ అందుకుని జీవితమంతా దానికే అంకితం చేశాడు. 1990లో వచ్చిన ‘హాస్కెల్’ అనే కంప్యూటరు భాషకు ఆయన పేరే పెట్టారు.

1930ల్లో అలాంజో చర్చ్ ‘లాంబ్డా కాల్‌క్యులస్’ అనే మరో పద్ధతి కనిపెట్టాడు. 1936లో అలన్ ట్యూరింగ్ కాగితం మీదే ఓ యంత్రాన్ని ఊహించాడు. చిత్రమేమిటంటే ఈ మూడు దారులూ ఒకే చోటికి చేరాయి. ఒకదానితో చేయగలిగిన లెక్క ఏదైనా మిగతావాటితోనూ చేయొచ్చు.

చర్చ్, కర్రీల దారిలో నడిచే భాషల్ని ‘ఫంక్షనల్’ భాషలంటారు. ఫంక్షన్ అంటే పిండిగిర్ని లాంటిది. గోధుమలు పోస్తే గోధుమపిండి, జొన్నలు పోస్తే జొన్నపిండి. నిన్న పోసినా ఇవాళ పోసినా అదే. పోసినదాన్ని బట్టే వచ్చేది ఉంటుంది. ఇంకో విచిత్రం... ఈ భాషల్లో ఒక గిర్నీలో మరో గిర్నీనే పోయొచ్చు. కొత్త గిర్నీ బయటికొస్తుంది!

కాటూరు నుంచి స్టాన్‌ఫర్డ్‌కి...

ఈ కథలో మన తెలుగువాడూ తారసపడతారు. షోన్‌ఫింకెల్, చర్చ్‌ల ఆలోచనలు కాగితం దాటి కంప్యూటరులోకి వచ్చింది 1958లో. అమెరికా శాస్త్రవేత్త జాన్ మెకార్తీ ‘లిస్ప్’ అనే భాషను రూపొందించడం అప్పుడే మొదలుపెట్టాడు. ఫంక్షనల్ భాషలకు అదే పెద్దక్క. ఆ మెకార్తీ దగ్గరే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి 1966లో డాక్టరేట్ అందుకున్నారు రాజ్ రెడ్డి. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, మద్రాసు గిండీ కళాశాలలో ఇంజినీరింగ్ చదివారాయన. మనుషుల మాటను కంప్యూటరుకు అర్థమయ్యేలా చేయడంలో తొలితరం పరిశోధకుడిగా పేరు తెచ్చుకున్నారు. కంప్యూటరు రంగంలో నోబెల్ అంతటి ట్యూరింగ్ అవార్డును 1994లో ఎడ్వర్డ్ ఫీగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు.

లిస్ప్‌లో ఓ విశేషముంది. అందులో సమాచారం జాబితాల రూపంలో ఉంటుంది. ప్రోగ్రామూ ఓ జాబితానే. కాబట్టి ఒక ప్రోగ్రాం మరో ప్రోగ్రాంని చదవొచ్చు. కాకపోతే ఓ షరతు. ‘దీన్ని నడపొద్దు, చూడు చాలు’ అని ముందే చీటీ అంటించాలి. చీటీ లేకపోతే అది మూసేసిన గిర్నీయే. గోధుమలు పోసి పిండి చూడగలం గానీ లోపలి రాళ్లను చూడలేం. లాంబ్డా కాల్‌క్యులస్‌లోనైతే ఆ చీటీ కూడా లేదు.

రాజ్ రెడ్డి స్టాన్‌ఫర్డ్ వెళ్లేముందు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో ఎంటెక్ చేశారు. అది సిడ్నీలో ఉంది. చీటీ అవసరమే లేకుండా గిర్నీ తలుపు తెరిచే ఉపాయం ఆ తర్వాత అర్ధశతాబ్దం దాటాక అదే సిడ్నీ నగరం నుంచి రావడం యాదృచ్ఛికమే.

రెండు నుంచి ఒకటికి...

ఆ ఉపాయం కనిపెట్టిన వ్యక్తి బ్యారీ జే. సిడ్నీలోని సాంకేతిక విశ్వవిద్యాలయంలో చాలాకాలం పనిచేశారు. ప్రోగ్రాములు సమాచారం ఆకారాన్ని ఎలా గుర్తుపడతాయన్నది ఆయనకిష్టమైన అంశం. దాని మీద 2009లో ఓ పుస్తకం రాశారు. 2011లో థామస్ గివెన్-విల్సన్‌తో కలిసి ఓ ముందడుగు వేశారు. షోన్‌ఫింకెల్ రెండు మాటల్లో ‘పంచు’ను అలాగే ఉంచి, ‘పారెయ్’ బదులు ‘విడదీయి’ అనే కొత్త మాట పెట్టారు. దాంతో మూసిన గిర్నీ తలుపు కాస్త తెరుచుకుంది.

మరో పదేళ్లకు ఆ రెండు మాటలూ ఒక్కటయ్యాయి. 2021లో వచ్చిన ఆయన పుస్తకం ‘రిఫ్లెక్టివ్ ప్రోగ్రామ్స్ ఇన్ ట్రీ కాల్‌క్యులస్’లో ఉన్నది ఒకే గుర్తు... చిన్న త్రిభుజం. దాన్ని చెట్టులోని ఓ కణుపు అనుకోవచ్చు. మరో విశేషం... ఆ పుస్తకంలోని నిరూపణల్ని మనుషులు చదివి సరేనంటే సరిపోదనుకున్నారు. ‘కాక్’ అనే నిరూపణల్ని తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్‌తో అడుగడుగునా సరిచూశారు.

నియమాలు ఇవే!

ఇంతకీ ఆ ఒక్క గుర్తుతో ఏం చేస్తారు?

కింద కొమ్మలేవీ లేని కణుపు... ఆకు. ఒక కొమ్మ ఉంటే... కాడ. రెండుంటే... పంగ, మన ఉండేలు పంగలాగా. ఈ లెక్కలో కనిపించే చెట్లన్నీ ఈ మూడింటితో అల్లుకున్నవే. ఇక చేసే పని కూడా ఒక్కటే... ఒక చెట్టుకు మరో చెట్టును అంటు కట్టడం.

ఆకుకు ఏదైనా అంటు కడితే కాడ అవుతుంది. కాడకు మరొకటి కడితే పంగ అవుతుంది. మరి పంగకు ఇంకొకటి కడితే? అక్కడ చోటు లేదు. లెక్క మొదలయ్యేది అప్పుడే. ముందు ఆ పంగ ఎడమ కొమ్మను చూడాలి.

ఎడమ కొమ్మ ఆకైతే... కొత్తగా వచ్చిన చెట్టును పారేయాలి. పంగ కుడి కొమ్మే జవాబు.

ఎడమ కొమ్మ కాడైతే... వచ్చిన చెట్టుకు నకలు తీయాలి. ఒకటి ఆ కాడ కొనకు, మరోటి పంగ కుడి కొమ్మకు అంటు కట్టాలి. అలా వచ్చిన రెండో ఫలితాన్ని మొదటి ఫలితానికి అంటు కట్టాలి.

ఎడమ కొమ్మ కూడా పంగే అయితే... అప్పుడు వచ్చిన చెట్టు వంక చూడాలి. అది ఆకైతే ఎడమ పంగలోని మొదటి చెట్టే జవాబు. కాడైతే దాని కొనను తెంపి ఎడమ పంగలోని రెండో చెట్టుకు అంటు కట్టాలి. పంగైతే దాని రెండు కొమ్మల్నీ తెంపి, పెద్ద పంగ కుడి కొమ్మకు ఒకదాని తర్వాత ఒకటి అంటు కట్టాలి.

అంతే! నియమాలు అయిపోయాయి. మొదటి రెండూ షోన్‌ఫింకెల్ చెప్పిన ‘పారెయ్’, ‘పంచు’లే. మూడోది కొత్తది... ‘చూడు’. బ్యారీ జే పుస్తకంలో ఈ మూడో నియమం ఇంకా పొట్టిగా ఉండేది. ఆకు, కాడ, పంగల్ని వేరుచేసి చూసే ఈ రూపం ఆ తర్వాత వచ్చింది. ఆసుపత్రి క్యాజువాలిటీలో వచ్చినవాళ్లను చూసి ఎవరిని ఏ వార్డుకు పంపాలో తేల్చే పద్ధతిని ‘ట్రయేజ్’ అంటారు. ఈ రూపానికీ అదే పేరు పెట్టారు.

ఇంట్లో ఆడి చూడండి!

ఎనిమిది చింతగింజలు, ఏడు చీపురుపుల్ల ముక్కలు తీసుకోండి. గింజలు కణుపులు, పుల్లలు కొమ్మలు. ఇప్పుడు ‘కాదు’ అనే ప్రోగ్రాం తయారుచేద్దాం. ‘నిజం’ అంటే ‘తప్పు’ అనాలి, ‘తప్పు’ అంటే ‘నిజం’ అనాలి. ఒంటరి గింజ, అంటే ఆకు... ‘తప్పు’. పుల్లతో కలిపిన రెండు గింజలు, అంటే కాడ... ‘నిజం’.

పైన ఒక గింజ పెట్టి దానికి రెండు పుల్లలు పెట్టండి. కుడి పుల్ల చివర ఒక్క గింజ. ఎడమ పుల్ల చివర ఒక గింజ పెట్టి దానికీ రెండు పుల్లలు పెట్టండి. వాటిలో మొదటి పుల్ల చివర కాడ, అంటే రెండు గింజలు. రెండో పుల్ల చివర పంగ, అంటే మూడు గింజలు. మొత్తం ఎనిమిది గింజలూ అయిపోయాయి. ప్రోగ్రాం సిద్ధం!

విడిగా మరో గింజ తీసుకుని ‘తప్పు’ను దీనికి అంటు కట్టండి. ఎడమ కొమ్మ పంగ. కాబట్టి వచ్చినదాన్ని చూడాలి. అది ఆకు. జవాబు మొదటి చెట్టు... రెండు గింజల కాడ. అంటే ‘నిజం’!

ఇప్పుడు ‘నిజం’ ఇవ్వండి. వచ్చింది కాడ. దాని కొన ఒక గింజ. దాన్ని తెంపి రెండో చెట్టుకు, అంటే మూడు గింజల పంగకు అంటు కట్టాలి. ఆ పంగ ఎడమ కొమ్మ ఆకు. కాబట్టి వచ్చినదాన్ని పారేసి కుడి కొమ్మ తీసుకోవాలి. అది ఒక్క గింజ... ‘తప్పు’!

‘మూత తెరిచి ఉందా?’ అన్న ప్రశ్నకు ‘నిజం’ అని వస్తే ‘మోటారు నడవొచ్చా?’ అన్నదానికి ‘తప్పు’ అని చెప్పాలి. రియాక్టరు దగ్గర ప్రాణాలు కాపాడే నిర్ణయం అది. ఆ నిర్ణయం మొత్తం ఎనిమిది గింజల్లో ఇమిడిపోయింది. అయిదో తరగతి పిల్లాడు కూడా దాన్ని నేల మీద పరిచి తప్పొప్పులు చూడగలడు.

తలుపు తెరుచుకుంటే...

అంకెలు, పేర్లు, జాబితాలు కూడా ఇలాగే చెట్లవుతాయి. ఖాళీ జాబితా ఆకు. జాబితాకు ముందు ఒకటి చేర్చాలంటే ఓ పంగ... ఎడమవైపు కొత్త వస్తువు, కుడివైపు పాత జాబితా. అంకెంటే సున్నాలు, ఒకట్ల జాబితా. పేరంటే అక్షరాల జాబితా.

అసలు విశేషం ఇక్కడే ఉంది. సమాచారమూ చెట్టే, ప్రోగ్రామూ చెట్టే. కాబట్టి ఒక ప్రోగ్రాం మరో ప్రోగ్రాంని మామూలు సమాచారంలాగే కొమ్మకొమ్మా తడిమి చూడగలదు. చీటీలతో పనిలేదు. రెండు ప్రోగ్రాములు అచ్చంగా ఒకటేనా అని ఈ లెక్కలోనే తేల్చొచ్చు. షోన్‌ఫింకెల్ రెండు మాటలతో కాని పని అది. ఒక ప్రోగ్రాంలో ఎన్ని కణుపులున్నాయో లెక్కపెట్టే ప్రోగ్రాం రాయొచ్చు. అది తన కణుపుల్ని కూడా తానే లెక్కపెట్టుకోగలదు!

అయితే గింజలు పేర్చుకుంటూ పెద్ద ప్రోగ్రాములు రాయడం ఎవరివల్లా కాదు. అందుకే ఈ పునాది మీద చిన్నచిన్న భాషలు పుట్టాయి. వాటిలో ఒకటి ‘ట్రీషూ’ అని పలికే భాష. లోజ్‌బాన్ అనే కృత్రిమ భాషలో ఆ మాటకు అర్థం చెట్టు. ఇందులో త్రిభుజం బదులు ‘టి’ అన్న ఇంగ్లిషు అక్షరం వాడతారు. పేర్లు పెట్టుకోవడం, జాబితాలు రాసుకోవడం లాంటి సదుపాయాలు కొన్ని మాత్రమే ఇస్తుంది. అవన్నీ చివరికి ఆకు, కాడ, పంగలుగా మారాల్సిందే. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ను రాసింది హాస్కెల్ భాషలో. షోన్‌ఫింకెల్ ఆలోచనను కాపాడిన కర్రీ పేరు అలా మళ్లీ ఈ కథలోకి వచ్చింది.

కంది వైపు చూస్తే...

ప్రోగ్రాముల్ని చదివే ప్రోగ్రాములంటే ఎక్కడో సిడ్నీ సంగతి అనుకోనక్కర్లేదు. గుమ్మడిదల ఉన్న సంగారెడ్డి జిల్లాలోనే ఆ పని జరుగుతోంది. ఐఐటీ హైదరాబాద్ 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో మొదలై, తర్వాత కందిలోని సొంత ప్రాంగణానికి మారింది. అక్కడి కంపైలర్ పరిశోధకులు 2020లో ‘ఐఆర్‌టువెక్’ అనే పద్ధతిని ప్రచురించారు.

మనం రాసే ప్రోగ్రాంని యంత్రానికి అర్థమయ్యేలా మార్చేదే కంపైలర్. అదే ఓ ప్రోగ్రాం. మార్చేటప్పుడు మధ్యలో ఓ రూపం వస్తుంది. ఐఆర్‌టువెక్ ఆ మధ్య రూపాన్ని చదివి, ప్రోగ్రాం గుణాన్ని అంకెల వరసగా మారుస్తుంది. ఆ వరసను బట్టి ఫలానా ప్రోగ్రాం మామూలు ప్రాసెసర్ మీద వేగంగా నడుస్తుందా, బొమ్మల కోసం పుట్టిన జీపీయూ మీదనా అన్నది కంప్యూటరే అంచనా వేస్తుంది.

ఈ దారికీ చెట్ల లెక్క దారికీ తేడా ఉంది. కందిలో చేసేది నిజంగా వాడుకలో ఉన్న భాషల మీద, నేర్చుకున్న అనుభవంతో వేసే అంచనా. చెట్ల లెక్కలో ప్రోగ్రాం ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. వాడుకలో మాత్రం వెనకబడి ఉంది. ఒకటి పెద్ద అడవిని పైనుంచి చూడటం, ఇంకోటి ఒక్క మొక్కను వేళ్లతో సహా చూడటం. రెండూ అడిగేది మాత్రం ఒక్కటే... ఈ ప్రోగ్రాం లోపల ఏముంది?

చేయలేనివీ ఉన్నాయి

అలాగని చెట్ల లెక్క అన్ని రోగాలకూ మందు కాదు. ఏ ప్రోగ్రామైనా ఎప్పటికైనా ఆగుతుందా, అలా నడుస్తూనే ఉంటుందా అన్నది ముందే తేల్చే ప్రోగ్రాం ఉండదని ట్యూరింగ్ 1936లోనే నిరూపించాడు. తలుపు తెరిచి లోపల చూసినా ఆ హద్దు చెరిగిపోదు. ఆకు, కాడ, పంగలుగా రాసిన లెక్క ఇప్పటి చిప్పుల మీద నిదానంగానే నడుస్తుంది. చిప్పుకి సూటిగా తెలిసిన కూడికను కూడా ఇక్కడ కొమ్మలుగా విడగొట్టి చేయాలి మరి. ఏ రియాక్టరూ దీని మీద నడవడం లేదు. చేతిలోని ఫోను కూడా అంతే.

ఇంకో చిక్కూ ఉంది. ప్రోగ్రాం ఎంత శుభ్రంగా ఉన్నా దానికి అంకె అందించే కొలత యంత్రం తప్పు చెబితే జవాబూ తప్పే. గొట్టం ఎక్కడ పెట్టారు, యంత్రాన్ని ఎప్పుడు సరిచేశారు... వీటిని ఏ చెట్టూ చెప్పలేదు. మనిషి వెళ్లి చూడాల్సిందే.

మరి ఇదంతా ఎందుకు? భాష ఎంత చిన్నదైతే నమ్మాల్సినవి అంత తగ్గుతాయి కాబట్టి. నియమాలన్నీ ఒక్క కాగితం మీద ఉంటే వాటిని తనిఖీ చేయడం సులువు. వాటి మీద నిలబెట్టిన నిరూపణను యంత్రంతో సరిచూడొచ్చు. పేజీలకు పేజీల నియమాలున్న భాషలో రాసిన ప్రోగ్రాంని నమ్మాలంటే ముందు ఆ పేజీలన్నింటినీ నమ్మాలి.

రేషను కార్డు ఉండాలా పోవాలా, పింఛను ఎవరికి రావాలి, అప్పు ఎవరికివ్వాలి, చెరువులోకి వెళ్లే నీళ్లు మంచివా కావా... ఇలాంటి జవాబుల వెనక ఇప్పుడు ప్రోగ్రాములుంటున్నాయి. ‘కంప్యూటర్లో అలా వచ్చింది’ అన్న మాట దగ్గరే చాలాచోట్ల సంభాషణ ఆగిపోతోంది. కంప్యూటర్లో దానంతటదే ఏదీ రాదు. ఎవరో రాసిన నియమం ప్రకారం వస్తుంది. ఆ నియమం ఏమిటి, దాన్ని ఎవరు చదివారు, తప్పని తేలితే ఎవరు దిద్దుతారు అని అడిగే హక్కు ఆ జవాబు మీద బతుకు ఆధారపడిన ప్రతి ఒక్కరిదీ.

పిల్లలకు కోడింగ్ నేర్పించాలని తల్లిదండ్రులు ఆరాటపడే రోజులివి. ఏ భాష నేర్పితే ఉద్యోగం వస్తుందన్నది అందరి ప్రశ్న. అందులో తప్పేమీ లేదు. కానీ ఏ సెలవురోజో ఓ గంట తీరిక చేసుకుని ఎనిమిది చింతగింజలు ముందేసి కూర్చోబెట్టండి. ‘కాదు’ అన్న మాట ఎలా పుడుతుందో వాళ్లే చేత్తో చేసి తెలుసుకుంటారు. రేపు పెద్దయ్యాక ఏ ఫ్యాక్టరీలోనో, ఏ ఆఫీసులోనో తెర మీద అంకె కనిపించినప్పుడు... అది ఎలా వచ్చిందో చూపించమని అడుగుతారు!